హోయాన్‌లో నా వంకర లాంతరు

వియత్నాంలోని హోయాన్ అనే ఊళ్లో చివరి రోజు పొద్దున్నే లాంతర్లు చేయడం నేర్పే ఒక ఇంటికి వెళ్లాను. వెదురు బద్దల చట్రం ముందే కట్టి ఉంచారు. మనం పట్టుగుడ్డ అంటించడమే. ఓస్, ఇంతేనా అనుకున్నా.

బద్దకి జిగురు పలచగా పూయాలి. నేను గడపకి పసుపు రాసినట్టు పట్టించాను. ఎర్ర గుడ్డ మీద మరక తేలింది. నేర్పే ఆవిడ ఏమీ అనలేదు. నా వేళ్లు పట్టుకుని, ముడత పోయేదాకా గుడ్డని బద్ద మీదుగా లాగించింది. అసలు టెన్షన్ ఆ తర్వాతే. అంచు వెంట మిగిలిన గుడ్డని కత్తెరతో కోయాలి. కాస్త లోపలికి పోయిందంటే, పక్క ముక్కకీ దీనికీ మధ్య సందు కనిపిస్తుంది. నాకు మూడు చోట్ల కనిపించింది!

కింద కుచ్చు కట్టాక, ఆవిడ దాన్ని గొడుగులా మడిచి చేతిలో పెట్టింది. సూట్‌కేసులో చీరల మధ్య పట్టేసింది.

అక్కడ చాంద్రమాన నెలలో 14వ రోజు రాత్రి పాత ఊళ్లో కరెంటు దీపాలు తగ్గించి లాంతర్లు వెలిగిస్తారు. అంటే దాదాపు మన చతుర్దశి. నేను వెళ్లింది దశమికి. టికెట్లు కొనేటప్పుడు పంచాంగం చూడమని అమ్మ చెప్పింది, కాకపోతే వర్జ్యం కోసం.

ఇప్పుడది మా బాల్కనీలో వేలాడుతోంది. మరక ఉన్న వైపు గోడకి తిప్పాను.