అమ్మమ్మ నాలుగు దేశాల బతుకు మనవలకు అందాలంటే

గుడివాడలోనో నరసాపురంలోనో పుట్టి, పెళ్లయ్యాక జాంబియాలో కాపురం పెట్టి, అక్కడి బళ్లో లెక్కలు చెప్పి, కొన్నేళ్లు ఇంగ్లండులో ఉండి, చివరికి న్యూజెర్సీలో మనవల్ని ఎత్తుకున్న ఆడవాళ్లు మన కుటుంబాల్లో ఉన్నారు. 1964లో జాంబియాకు స్వతంత్రం వచ్చాక అక్కడికి, ఆపైన నైజీరియాకు, లిబియాకు టీచర్లుగా, డాక్టర్లుగా, ఇంజనీర్లుగా వెళ్లిన ఇళ్లవి. 1965లో అమెరికా వలస చట్టం మారాక అటు మళ్లినవాళ్లూ ఎక్కువే.

మనవలకు మాత్రం ఆవిడ పులిహోర బాగా కలిపే అమ్మమ్మ. పోయాక దండ వేసిన ఫొటో. ఇంట్లో ఒక భాష, బళ్లో ఒక భాషతో పెరిగే పిల్లలకు, తమకంటే ముందే ఈ ఇంటి మనిషి ఒకావిడ జాంబియాలోని కిట్వే ఊరి బజారులో బెంబా మాట్లాడేవాళ్లతో కూరగాయలు బేరమాడి నెగ్గుకొచ్చిందని తెలిస్తే ఎంత ధైర్యం! అది వాళ్లకు అందాలంటే ఆవిడ ఉండగానే పని మొదలుపెట్టాలి.

ముందే కథలు అడగొద్దు. ఏ ఏడు ఏ ఊళ్లో ఉన్నారన్నది తేల్చుకోవాలి. ఊరూ ఏడూ లేని కథ మరో తరానికి చేరేసరికి "ఆఫ్రికాలో ఎక్కడో" అయిపోతుంది. పెద్ద చార్టు మీద మూడు గళ్లు గీయండి: ఏడు, ఊరూ ఇల్లూ, అప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లు. "ఏ సంవత్సరం?" అంటే ఎవరైనా తడబడతారు. "పెద్దాడు అప్పుడు ఏ క్లాసు? చిన్నది పుట్టిందా?" అంటే చటుక్కున చెబుతారు. ఇండియా సంగతులకు 1977 నవంబరు దివిసీమ ఉప్పెన లాంటివి మంచి గుర్తులు. ఆ తర్వాత పాత పాస్‌పోర్టుల్లోని ముద్రలతో సరిచూసుకోవాలి.

రద్దయిన పాస్‌పోర్టు ఎందుకని పారేసే ఇళ్లున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నాక రద్దు ముద్ర పడి తిరిగొచ్చిన ఆ పుస్తకం, మనవలకే కాదు, మునిమనవలకు కూడా ఓసీఐ కార్డుకు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) అర్హత చూపించే కాగితాల్లో ఒకటి. ముద్రల సిరా వెలిసిపోతుంది కాబట్టి ప్రతి పేజీనీ, ఖాళీవాటితో సహా, ఇప్పుడే స్కాన్ చేయించండి.

పుట్టిన తేదీ దగ్గర జాగ్రత్త. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు పుట్టిన చాలామందికి బళ్లో చేర్చినప్పుడు వేసిన తేదీయే పాస్‌పోర్టుకెక్కింది. అసలుది తెలుగు లెక్కలో గుర్తుంటుంది: "విజయ నామ సంవత్సరం, మాఘమాసం". విజయ 1953 ఉగాదికి మొదలైంది కదా అని 1953 రాసేస్తారు. మాఘం తెలుగు ఏడాది చివర్లో వస్తుంది, కాబట్టి అది 1954. రెండు తేదీలూ రాసి, ఏది కాగితానిదో ఏది అసలుదో పక్కనే చెప్పండి. పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు, పిలుపు పేరు కూడా రాయండి. "బుల్లక్క" అసలు పేరేమిటో చెప్పేవాళ్లు ఆ తర్వాత దొరకరు.

ఇక గొంతు. ఫోను చాలు. ఫ్యాను, ఏసీ ఆపేసి, ఫ్రిజ్ మోత వినపడని గదిలో, మడిచిన తువ్వాలు మీద ఫోను పెట్టి, ఆవిడకు ఒక మూర లోపు దూరంలో ఉంచండి. ఫ్లయిట్ మోడ్ మరవకండి. అర నిమిషం రికార్డు చేసి విని చూశాకే అసలు మాట మొదలుపెట్టాలి. నలభై నిమిషాలు దాటితే అలసిపోతారు. చేతిలో చప్పుడు లేని పని ఉంటే మాట బాగా సాగుతుంది: పత్తితో వత్తులు చేయడం అన్నిటికన్నా మేలు.

అడిగేది మనవలే కావాలి. "నీకు తెలిసిందేగా" అని కూతురి దగ్గర దాటేసేవన్నీ వాళ్లకు విడమర్చి చెబుతారు. పిల్లలు ఇంగ్లీషులో అడిగినా సరే, జవాబు తెలుగులోనే రానివ్వండి. మధ్యలో అనువాదం చేయడం, తారీఖు తప్పని దిద్దడం మనలాంటి పెద్దవాళ్లు చేసే పొరపాట్లు. దాంతో ధార తెగుతుంది. "నీ జీవితం గురించి చెప్పు" అంటే ఎవరూ చెప్పలేరు. "మొదటి పెట్టెలో ఏం సర్దుకున్నావు? కందిపప్పు దొరకని ఊళ్లో పప్పు దేంతో చేశావు?" అనండి. ఒకప్పుడు విదేశాలకు వెళ్లేవాళ్లు ఎనిమిది డాలర్లే పట్టుకెళ్లడానికి ప్రభుత్వం ఒప్పుకునేది. అవి దేనికి ఖర్చయ్యాయో అడగండి.

ఉత్తరాలకు బదులు క్యాసెట్లలో మాట్లాడి పంపుకున్న ఇళ్లున్నాయి. అలాంటివి దొరికితే ముందు క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి, పొరపాటున దాని మీద మళ్లీ రికార్డు కాదు. ప్లే చేసేముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుట్టాలి, లేకపోతే అతుక్కున్న టేపు లాగేసుకుంటుంది. శబ్దం మరీ మందంగా వస్తే టేపు పోయిందనుకోకండి. లోపలి చిన్న ఫెల్టు ముక్క ఊడి ఉండొచ్చు, టేపును వేరే క్యాసెట్ డొప్పలోకి మార్చి వినొచ్చు. ఇండియా, ఇంగ్లండు పెళ్లి వీడియోలు పాల్ (PAL) అనే టీవీ పద్ధతివి, అమెరికా వీసీఆర్‌ది ఎన్టీఎస్సీ (NTSC) అనే వేరే పద్ధతి. బొమ్మ రాలేదని టేపు పారేయకండి, డిజిటల్‌లోకి మార్చేవాళ్లకు పాల్ అని చెప్పి ఇవ్వండి.

జిగురు పేజీల ఆల్బంలో అంటుకుపోయిన ఫొటోలను గోరుతో లాగొద్దు. పళ్ల సందుల్లో వాడే దారం ఫొటో కింద మెల్లగా రంపంలా ఆడించాలి. కదలకపోతే పేజీతోనే స్కాన్ చేయాలి, కనీసం 600 డీపీఐతో (అంగుళానికి 600 చుక్కలు). వెనక పేర్లు మెత్తటి పెన్సిలుతోనే రాయాలి, బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపు తేలుతుంది.

ఆవిడ పోయాక తద్దినం తిథి దగ్గరా తికమక వస్తుంది. తిథి మారే క్షణం ప్రపంచమంతా ఒకటే అయినా, ఏ రోజు ఏ తిథి అన్నది ఆ ఊరి సూర్యుణ్ని బట్టి ఉంటుంది. చికాగో రోజుకూ బందరు రోజుకూ తేడా రావచ్చు. అందుకే పోయిన ఊరు, అక్కడి తేదీ, గంట, మాసం, పక్షం, తిథి అన్నీ ఒకేచోట రాసి ఉంచండి.

ఇవన్నీ వాట్సాప్‌లో ఫొటోలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫైలు పేరులో ముందు ఏడు, తర్వాత ఊరు, తర్వాత మనుషులు. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి క్లౌడ్‌లో, ఇంకొకటి ఇండియాలో ఉన్న తమ్ముడి ఇంట్లోనో అక్క ఇంట్లోనో హార్డ్‌డిస్కులో. ఏడాదికోసారి, ఆవిడ పుట్టినరోజున, మూడూ తెరిచి పనిచేస్తున్నాయో లేదో పిల్లల చేతే చూపించండి.