ఎల్క్ వేటకు సెమీ ఆటోమేటిక్ కొంటున్నారా?

కొలరాడోలో వేటకు వెళ్దామనుకునే మనవాళ్ళు ముందు అడిగేది, సెమీ ఆటోమేటిక్‌తో (ఒకటి పేలగానే తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే రైఫిల్) ఎల్క్‌ను (అక్కడి పెద్ద జింక) కొట్టొచ్చా అని. కొట్టొచ్చు. ఛాంబర్‌లో (గొట్టం వెనక పేలే చోట) ఉన్నదీ మ్యాగజైన్‌లో (తూటాల పెట్టెలో) ఉన్నవీ కలిపి 6 తూటాలు దాటకూడదు, అంతే. (హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్త, ఫెడరల్ చట్టం ప్రకారం మీరు తుపాకీ ముట్టుకోకూడదు, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటేనే మినహాయింపు. గ్రీన్‌కార్డ్ ఉంటే ఈ గొడవ లేదు.)

చకచకా నాలుగు పేల్చొచ్చు కదా అని సెమీ కొనేవాళ్ళతోనే నాకు పేచీ. దాని అసలు లాభం తన్ను (రీకాయిల్) తగ్గడం. పేలినప్పుడు పుట్టే గ్యాస్‌లో కొంత బోల్ట్‌ను (తూటాను ఎక్కించి ఛాంబర్‌ను మూసే భాగం) వెనక్కి నెట్టడానికి పోతుంది కాబట్టి భుజానికి దెబ్బ మెత్తగా తగులుతుంది, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు ఉలిక్కిపడే అలవాటు పట్టుకోదు, అదొక్కటి చాలు గురి బాగుపడటానికి.

నన్నడిగితే బ్రౌనింగ్ బీఏఆర్ రైఫిల్, .30-06 తూటా రకంలో. బెనెల్లీ ఆర్1 కూడా మంచిదే. సైనిక రైఫిల్‌లా కనిపించే ఏఆర్-10 తరహావి .308లో దొరుకుతాయి, పని చేస్తాయి, కానీ స్కోప్ బిగించాక ఆ బరువును పది వేల అడుగుల ఎత్తులో మోయాల్సింది మీరే. ఇంకా గట్టిగా తన్నే .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తూటా జోలికి వెళ్ళకండి, తన్ను తగ్గాలని సెమీ కొని మళ్ళీ మాగ్నమ్ ఎందుకు?

బుల్లెట్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది, మన కణుజు కుటుంబానిదే, భుజం ఎముక మామూలుది కాదు. చిన్న జింకలకు వాడే పలచటి బుల్లెట్ ఆ ఎముక మీదే చిట్లిపోయి లోపలికి దిగదు, జంతువు గాయంతో వెళ్ళిపోతుంది. 180 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) నోస్లర్ పార్టిషన్ బుల్లెట్ అయితే మధ్యలో రాగి అడ్డుగోడ ఉంటుంది, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం గట్టిగా నిలిచి ఊపిరితిత్తుల దాకా పోతుంది. ఇంట్లో పిల్లలు తింటారనుకుంటే బార్న్స్ టీటీఎస్‌ఎక్స్ తీసుకోండి, మొత్తం రాగి, మాంసంలో సీసం ముక్కల భయం ఉండదు. రాగి బుల్లెట్ చిట్లి బరువు పోగొట్టుకోదు కాబట్టి దాంట్లో 168 గ్రెయిన్లు సరిపోతుంది. రేంజ్‌లో సాధనకు చౌక ఫుల్ మెటల్ జాకెట్ (తగిలాక విచ్చుకోని బుల్లెట్) కాల్చుకోండి, వేటకు అది చట్టవిరుద్ధం. స్కోప్ జీరో చేసేటప్పుడు (గురి పెట్టినచోటే తగిలేలా సరిచేసేటప్పుడు) వేటకు తీసుకెళ్ళే తూటాలతోనే చెయ్యాలి.

సెమీకి చిరాకులూ ఉన్నాయి. గడ్డకట్టే చలిలో చిక్కటి నూనె బోల్ట్‌ను పట్టేస్తుంది, అందుకని ఉన్న నూనె తుడిచేసి పలచగా రాయండి. కాల్చగానే ఇంకో తూటా దానంతటదే ఎక్కి కూర్చుంటుంది, పడిన జంతువు దగ్గరికి పరుగెత్తే ముందు సేఫ్టీ వెయ్యండి. మొదటి తూటా ఎక్కించేటప్పుడు శబ్దం రాకూడదని బోల్ట్‌ను చేత్తో పట్టుకుని నెమ్మదిగా వదిలేవాళ్ళుంటారు, అలా చేస్తే పూర్తిగా లాక్ కాకపోవచ్చు. బండి దిగాక, వేట వేళ మొదలయ్యాక, ఎల్క్‌లకు దూరంగా ఉన్నప్పుడే టక్‌మని వదిలెయ్యండి.