చత్వారానికి గురి కుదిరిన శనివారం

తుపాకీ గొట్టం కడిగి గంట దాటినా చేతులకు గంధకం వాసన పోలేదు. ఇవాళ పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఒకే పని మీద ఉన్నాను. మూతి వైపు నుంచి తుపాకీ మందు, గుండు దట్టించే నా మజిల్‌లోడర్‌కు వెనక పీప్ సైటు (చిన్న రంధ్రపు గురి), ముందు గ్లోబ్ సైటు (గొట్టం తొడిగిన గురి) కుదర్చడం. ఇక్కడ అమెరికాలోని కొలరాడోలో దీనితో వేటాడే సీజను సెప్టెంబరులో, తొమ్మిది రోజులే. మిగిలిన వారాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

నాకు చత్వారం వచ్చి ఏడెనిమిదేళ్ళయింది. పాత పద్ధతి గురిలో కంటికి మూడు పనులుంటాయి: వెనక గాడి, ముందు పూస, దూరాన జంతువు. వయసులో ఉన్న కన్ను ఈ మూడింటి మధ్య చకచకా తిరిగి వస్తుంది. నా కంటికి ఇప్పుడు ఆ గాడి దూదిపింజలా కనిపిస్తోంది. నిరుడు సీజను చివరి సాయంత్రం అరవై గజాల దూరంలో మ్యూల్ డీర్ జాతి మగ జింక ఒకటి పక్కకు తిరిగి నిలబడింది. పూస గాడిలో ఎక్కడుందో నాకు నిశ్చయంగా తెలియలేదు. మీట నొక్కలేదు. అది తలెత్తి చూసి, తొందరేమీ లేకుండా పొదల్లోకి నడిచిపోయింది. దెబ్బ తిన్న జంతువును చీకట్లో వెతుక్కోవడం కన్నా ఖాళీ చేతులతో ఇంటికి రావడం నయం. అయినా ఏడాది పొడవునా ఆ మసక గాడి నన్ను వదలలేదు.

స్కోపు (దుర్భిణి గురి) పెట్టుకుంటే సరిపోదా అని మిత్రులు అడుగుతారు. కొలరాడోలో మజిల్‌లోడర్ సీజనుకు స్కోపు కూడదు. ఇనుప గురి మాత్రమే ఉండాలి, బ్యాటరీతో వెలిగేదేదీ ఉండకూడదు. గుళికలుగా నొక్కిన తుపాకీ మందు, గుండుకు తొడిగే ప్లాస్టిక్ తొడుగు కూడా నిషిద్ధమే. ఈ నిబంధన నాకు మనస్ఫూర్తిగా ఇష్టం. జంతువుకు దగ్గరగా వెళ్ళక తప్పని స్థితిని అది కల్పిస్తుంది. అందుకే చట్టం లోపల ఉంటూనే కంటికి ఊరట ఇచ్చే దారి వెతికాను.

మా నాన్న కళ్ళజోడు కనిపించనప్పుడు పిడికిలి బిగించి, వేళ్ళ మధ్య సన్నని సందులోంచి పంచాంగం చదివేవారు. పీప్ సైటు చేసేదీ అదే. చిన్న రంధ్రం గుండా చూస్తే దగ్గరిదీ దూరానిదీ రెండూ తేటపడతాయి. పైగా రంధ్రం మధ్యలో వెలుగు ఎక్కువ కాబట్టి కన్ను తనంతట తానే ముందు గురిని అక్కడికి తెచ్చుకుంటుంది. ఇక గాడి వైపు చూసే పని లేదు. ముందు గురి మీద చూపు నిలిపితే చాలు, జింక కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు.

గ్లోబ్ అంటే ముందు గురికి చుట్టూ తొడిగిన చిన్న గొట్టం. పక్క నుంచి ఎండ పడితే విడి పూస ఒకవైపే మెరుస్తుంది, కన్ను ఆ మెరుపునే మధ్య అనుకుంటుంది, గుండు పక్కకు పోతుంది. గొట్టం నీడ ఆ మోసాన్ని ఆపుతుంది. లోపల బిళ్ళలు మార్చుకోవచ్చు. ఉంగరం, సన్నని స్తంభం, లావు స్తంభం ఇలా ఏది కావాలంటే అది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో వాడేది కూడా ఇలాంటి జంటనే. అయితే అక్కడ దీపాల వెలుగులో తెల్లని లక్ష్యం మీద నల్ల చుక్క ఉంటుంది. నాకు కావలసింది మునిమాపు వేళ బూడిద రంగు జంతువు మీద పనిచేసే గురి. ఈ తేడా నాకు ఇవాళ సాయంత్రానికి గాని పూర్తిగా బోధపడలేదు.

పొద్దున లివర్‌మోర్ దగ్గర మిత్రుడి పొలానికి బయలుదేరాను. దారిలో కాష్ లా పూడర్ నది కనిపిస్తుంది. ఫ్రెంచిలో ఆ పేరుకు ‘మందు దాచు’ అని అర్థం. ఫ్రెంచి వేటగాళ్ళు మంచు తుఫానులో చిక్కుకుని, బరువు తగ్గించుకోవడానికి తుపాకీ మందును ఒడ్డున దాచారని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. సంచిలో మందు డబ్బా పెట్టుకుని ఆ నది పక్కనుంచి వెళ్తుంటే ప్రతిసారీ నాకు వాళ్ళు గుర్తుకొస్తారు.

నాది థాంప్సన్ సెంటర్ హాకెన్, యాభై క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం), 28 అంగుళాల గొట్టం. 80 గ్రెయిన్ల (మందునూ గుండునూ తూచే చిన్న తూకం) మందు, గుడ్డ పేలికలో చుట్టిన 0.490 అంగుళాల సీసపు గుండు. దాని బరువు 177 గ్రెయిన్లు. చట్టం కోరేది కనీసం 170. యాభై గజాల దగ్గర మూడు గుళ్ళు కాల్చాను. మూడూ ఒక్కచోటే పడ్డాయి, కానీ గురికి తొమ్మిది అంగుళాలు పైన! అప్పటికే పీప్‌ను అడుగుదాకా దించేసి ఉన్నాను, ఇక దిగదు. తప్పు నాదే. పీప్ పాత గాడి కన్నా ఎత్తులో కూర్చుంటుంది కాబట్టి ముందుది కూడా ఎత్తుగా ఉండాలి. కొనేటప్పుడు ఆ కొలత చూడకుండా పొట్టి గ్లోబ్ తెప్పించాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని లెక్కకు కూర్చుంటే అమ్మాయి పక్కన చేరింది.

“నాన్నా, ముందుది పైకి లేపితే గుండు కూడా పైకే కదా వెళ్ళాలి?”

“వెనకది నువ్వు కోరిన వైపుకే జరపాలి. ముందుది దానికి ఎదురు. ముందుది ఎత్తు పెరిగితే దాన్ని గురి మీదకు తేవడానికి గొట్టం మూతి దించాలి. అందుకని గుండు కిందికి పోతుంది.”

లెక్క తనే వేసింది. తప్పిన దూరాన్ని రెండు గురుల మధ్య దూరంతో హెచ్చించి, లక్ష్యం దూరంతో భాగించాలి. తొమ్మిది అంగుళాలు, ముప్ఫై మూడు అంగుళాలు, యాభై గజాలంటే 1,800 అంగుళాలు. వచ్చింది 0.165 అంగుళం. నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు ఎత్తు నాకు తొమ్మిది అంగుళాల తప్పు చూపించింది. నా దగ్గర మరో తుపాకీకని కొన్న ఎత్తు గ్లోబ్ ఉంది. కాలిపర్‌తో కొలిస్తే కొద్దిగా ఎక్కువే వచ్చింది, ఆ ఎక్కువను పీప్ సర్దగలదు. ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో మెల్లగా తట్టి గొట్టం మూతి దగ్గరి గాడిలోకి దించాను.

మళ్ళీ లివర్‌మోర్. నాలుగింటికి గుళ్ళు యాభై గజాల దగ్గర గురికి ఒక అంగుళం పైన పడ్డాయి. అక్కడితో ఆపాను. నేను డెబ్బై అయిదు గజాలు దాటి కాల్చను. గుండ్రటి గుండు వేగం త్వరగా కోల్పోతుంది, ఆపైన లెక్కలు నా చేతిలో ఉండవు. పీప్‌ను తిప్పే మరలను వెంటనే బిగించాను. బిగింపు మర లేని సర్దుబాటు గురి వేటకు పనికిరాదని నా గట్టి నమ్మకం. వేళ్ళతో తిరిగే గుండీలు కాగితం మీద కాల్చేవారికి సుఖమే గానీ, రోజంతా పొదలు రాసుకుంటే ఏ కొమ్మ ఎంత తిప్పిందో ఎవరు చెప్పగలరు?

అసలు పరీక్ష పొద్దుగూకాక మొదలైంది. ఖాళీ తుపాకీతో, మందుకు నిప్పంటించే క్యాప్ కూడా లేకుండా, పైన్ చెట్ల మధ్య ఓ ఎండు మోడును జింక అనుకుని కూర్చున్నాను. పగలు నాకెంతో నచ్చిన సన్న ఉంగరం సూర్యుడు దిగిన పది నిమిషాలకే మాయమైంది. వెనక పీప్‌లో బిగించిన చిన్న రంధ్రపు బిళ్ళలోంచి చీకటి తప్ప మరేమీ లేదు. బిళ్ళను మర తిప్పి తీసేశాను. పెద్ద రంధ్రం మిగిలింది. దాని అంచు కంటికి ఆనకుండా పోయింది గానీ, ముందున్నది మాత్రం నిలిచింది. ఉంగరం తీసి లావు స్తంభం పెట్టాను. సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే కాల్చవచ్చు. గడియారం పట్టుకుని చూశాను. ఇరవై అయిదో నిమిషంలో కూడా స్తంభం నెత్తి మోడు మీద తేటగా ఆగింది. నిరుడు నాకు దొరకనిది అదే.

రాత్రి వేడి నీళ్ళు, సబ్బుతో గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాను. మందు కాలిన మసి గాలిలోని తేమను లాక్కుంటుంది, ఒక్క రాత్రి వదిలేసినా తుప్పు మొదలవుతుంది. ఉంగరం బిళ్ళల్ని చిన్న డబ్బాలో వేసి మూత పెట్టాను, వాటి అవసరం కాగితం మీద కాల్చే రేంజిలోనే.

రేపు సూర్యోదయానికి అరగంట ముందే ఆ మోడు దగ్గరికి వెళ్ళాలి. ఇవాళ వెలుగు నా వీపు వెనక నుంచి వచ్చింది. పొద్దుటి వెలుగు ఎదురుగా వచ్చి తిన్నగా రంధ్రంలో పడుతుంది. బిళ్ళ లేని పెద్ద రంధ్రం దాన్ని ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలి.