ముడి గోధుమపిండితో అంజీర్ కుకీ బార్లు

ముడి గోధుమపిండితో బేకింగ్ అనగానే చాలామంది వెనకాడతారు, గట్టిగా వస్తుందని, పొడిపొడిగా రాలిపోతుందని, నోట్లో పొట్టు తగులుతుందని. కేకుల సంగతేమో కానీ, లోపల పండ్ల గుజ్జు పెట్టి చేసే కుకీ బార్లకు మాత్రం మైదా కంటే ఈ పిండే బాగుంటుందని నా గట్టి నమ్మకం. మైదాకి తనదంటూ రుచి పెద్దగా ఉండదు, తింటుంటే లోపలి తీపి ఒక్కటే తెలుస్తుంది. పొట్టుతో ఉన్న పిండి ఓవెన్‌లో కాలుతున్నప్పుడు వచ్చే కమ్మటి వాసన, ఎండు అంజీర్‌లోని చిక్కటి తీపి, ఈ రెండూ ఒకదానికొకటి భలే కుదురుతాయి.

ఈ రకం బార్లు కొత్తవేం కాదు. అమెరికాలో 1891లోనే ఫ్యాక్టరీలో చేయడం మొదలుపెట్టారు. గరాటులో గరాటు పెట్టినట్టుండే మెషీన్ ఒకటి లోపలి గొట్టంలోంచి అంజీర్ గుజ్జునీ, బయటి గొట్టంలోంచి పిండినీ ఒకేసారి బయటికి తోసేది. ఇంట్లో అయితే ఒక బేకింగ్ పేపరు, మన చేతులు చాలు.

ముందు లోపలి గుజ్జు చేసుకోండి, అది పూర్తిగా చల్లారాలి కాబట్టి. ఎండు అంజీర్ 250 గ్రాములు తీసుకుని, తొడిమలు తీసేసి ముక్కలు చేసి, సుమారు 150 మిల్లీలీటర్ల నీళ్లు పోసి సన్నని మంట మీద మెత్తబడేదాకా ఉడికించండి. ఒక టేబుల్‌స్పూన్ నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి మిక్సీలో తిప్పేయండి. చక్కెర అక్కర్లేదు, నిమ్మరసం మాత్రం మానొద్దు, అది లేకపోతే తీపి మొహం మొత్తుతుంది. గుజ్జు స్పూన్‌తో తీస్తే జారకుండా నిలబడాలి, పలచగా ఉంటే మళ్లీ పొయ్యి మీద పెట్టి దగ్గర పడనివ్వండి. జామ్ సీసా తెచ్చి పోసేస్తే పోలా అనిపిస్తుంది కానీ, మామూలు జామ్ ఓవెన్ వేడికి కరిగి, ఉడికి, అంచుల్లోంచి కారిపోతుంది. ఎండు పండ్ల గుజ్జుకి ఆ బెడద ఉండదు, పెట్టినచోటే ఉంటుంది. ఖర్జూరంతో చేస్తే నిమ్మరసం ఇంకాస్త పెంచండి, ఎండు ఆప్రికాట్‌తో అయితే తగ్గించండి.

ఇక పిండి. మెత్తగా ఆడించిన ముడి గోధుమపిండి 200 గ్రాములు, అర టీస్పూన్ బేకింగ్ పౌడర్, పావు టీస్పూన్ ఉప్పు కలిపి పక్కన పెట్టుకోండి. మెత్తబడ్డ వెన్న 90 గ్రాములు, బ్రౌన్ షుగర్ 80 గ్రాములు బాగా గిలకొట్టి, ఒక గుడ్డు, కాస్త వెనీలా, ఇష్టమైతే నారింజ తొక్క తురుము వేసి, చివర్లో పిండి కలిపేయండి. గుడ్డు తినని వాళ్లు మూడు టేబుల్‌స్పూన్ల పెరుగు వేసుకోవచ్చు. కలిపిన వెంటనే చూస్తే ముద్ద చేతికి అతుక్కుంటుంది, అది చూసి టెన్షన్ పడి ఇంకో గుప్పెడు పిండి చల్లేస్తారు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి! బార్లు గట్టిపడేది సరిగ్గా అక్కడే. గోధుమ పొట్టు తడిని నిదానంగా పీల్చుకుంటుంది, మైదాలా వెంటనే కాదు. ముద్దని చుట్టి ఫ్రిజ్‌లో కనీసం గంటసేపు, వీలైతే రాత్రంతా పెట్టండి, పొట్టు నాని మెత్తబడుతుంది, వెన్న గట్టిపడుతుంది, అతుక్కునే ముద్ద కాస్తా చక్కగా ఒత్తుకోవడానికి వీలుగా మారిపోతుంది. ఈ వంటకం మొత్తంలో నేను పట్టుబట్టి చెప్పేది ఈ ఒక్క విషయమే.

ముద్దని రెండు భాగాలు చేసి, ఒక్కోదాన్ని రెండు పేపర్ల మధ్య పెట్టి పది సెంటీమీటర్ల వెడల్పు పట్టీలా ఒత్తండి. మధ్యలో గుజ్జుని వరుసగా పరిచి, కింది పేపరునే ఎత్తుతూ రెండు వైపుల అంచుల్నీ మీదికి మడవండి. చేత్తో లేపితే చిరుగుతుంది, పేపరుతో అయితే దానంతటదే వచ్చి కూర్చుంటుంది. అతుకు కిందికి వచ్చేలా తిప్పి, మీద మెల్లగా నొక్కి, 180 డిగ్రీల వేడిలో 18 నుంచి 20 నిమిషాలు ఉంచండి. ఈ పిండి ముందే గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి పైన రంగు చూసి మోసపోవద్దు, అంచులు కాస్త ముదిరి, నొక్కితే మెత్తగా తిరిగి పైకి లేస్తే అయిపోయినట్టే.

బయటికి తీశాక వేడిగా ఉండగానే ముక్కలు కోసి, మూత ఉన్న డబ్బాలో పేపరు వేసి సర్దేసి మూత పెట్టండి. మామూలు కుకీలకైతే ఇలా చేయకూడదు, కరకరలాడేది పోతుంది. ఇక్కడ మనకి కావలసింది మెత్తదనమే, ఆ ఆవిరి డబ్బాలోనే తిరిగి పై పొరలోకి ఇంకుతుంది. మర్నాటికి లోపలి గుజ్జు తడి కూడా కొంత పైకి ఎక్కి, పిండి, పండు కలిసిపోయి అసలు రుచి బయటపడుతుంది. వేడివేడిగా ఒకటి తిని బాగాలేదని తేల్చేయకండి, రేపటిదాకా ఆగండి.

పిండి కొనేటప్పుడు తాజాదే చూసుకోండి. గింజలోని మొలక భాగంలో నూనె ఉంటుంది, అందుకే ముడి పిండి మైదా కంటే త్వరగా ముక్క వాసన పట్టి చేదెక్కుతుంది, వాసన చూస్తే తెలిసిపోతుంది. మిగిలింది గాలి చొరబడని డబ్బాలో ఫ్రిజ్‌లోనో ఫ్రీజర్‌లోనో దాచండి. చుట్టిన పట్టీల్ని కూడా కాల్చకుండానే ఫ్రీజర్‌లో పెట్టేసుకోవచ్చు, కావలసినప్పుడు తీసి అలాగే ఓవెన్‌లో పెట్టి, నాలుగైదు నిమిషాలు ఎక్కువ ఉంచితే సరి.