తవ్వెడు బియ్యం, బృహస్పతి వేషం

మన బ్యాచ్ కలయిక సంచికకి ఏదైనా రాసి పంపమని కమిటీ తరఫున ఫోన్ వచ్చింది. "నీ ఇష్టం వచ్చింది రాయి గానీ, పంపుషెడ్డు సంగతీ ఎర్ర సైకిలు సంగతీ మాత్రం వద్దు. పిల్లలు కూడా చదువుతారు" అన్నారు. ఆ రెండూ తీసేస్తే మన 1980 పదో తరగతి బ్యాచ్‌కి మిగిలేది మనకి తెలుగు చెప్పిన యడాగమం మాస్టారే. ఆయన గురించి రాయాలంటే హాస్యనటుడు అల్లు రామలింగయ్య గారి గురించి రాయక తప్పదు. వాళ్ళిద్దరినీ విడివిడిగా గుర్తుచేసుకోవడం మనలో ఎవరి వల్లా కాదు.

ఆరు నుంచి ఎనిమిది దాకా నాకు పెద్దగా ఏమీ గుర్తులేదు. లెక్కల మాస్టారి బెత్తం, వానొస్తే కారే సి సెక్షను, గేటు దగ్గర జీళ్ళు. అంతే. నా హైస్కూలు చదువంతా తొమ్మిదో తరగతి చలికాలంలోనే జరిగినట్టుంటుంది.

పాఠం అయిపోయి గంట కొట్టేలోపు మిగిలిన టైమంతా అల్లు పురాణమే కదా. మాస్టారు ఆయన్ని దూరం నుంచి చూసిన మనిషే తప్ప పరిచయం ఉన్నట్టు ఎప్పుడూ చెప్పలేదు. కానీ మొదలుపెడితే మాత్రం పక్కింటి మనిషి సంగతులు చెప్పినట్టే చెప్పేవారు. "1922 అక్టోబరు 1న మన పాలకొల్లులోనే పుట్టాడర్రా. మీరు తిరిగే వీధుల్లోనే తిరిగాడు. చదువు అబ్బలేదు. ఊళ్ళో ఎవరు ఎలా నడుస్తారో, ఎవరు ఎలా దగ్గుతారో అదే ఆయన చదువు." హెడ్మాస్టారు వరండాలో లేరని చూసుకున్నాకే ఈ చివరి రెండు ముక్కలూ అనేవారు.

మనందరికీ నోటికొచ్చిన ఘట్టం బృహస్పతి వేషం. ఊళ్ళోకి నాటకాల వాళ్ళొచ్చారు. భక్త ప్రహ్లాద నాటకం. కుర్రాడికి బృహస్పతి వేషం ఇస్తాం గానీ డబ్బులివ్వం, నువ్వే మూడు రూపాయలు ఎదురివ్వాలి అన్నారు. ఆ డబ్బు కోసం ఇంట్లో తెలియకుండా బియ్యం తీసి ఇచ్చి మరీ వేషం కట్టాడట. ఇక్కడికి వచ్చేసరికి మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. "ఎదురు డబ్బులిచ్చి మొహానికి రంగేసుకున్నాడు. వెయ్యి సినిమాలకి అదీ పెట్టుబడి!"

ఆ ఏడు వార్షికోత్సవానికి నాటిక వేద్దామని మాస్టారే రాశారు. లంచాల కరణం కథ. కరణం వేషానికి ఎవరు కావాలో రేపు చెప్తానన్నారు. మర్నాడు పొద్దున్న ప్రార్థనకి ముందు స్టాఫ్ రూమ్ బయట చేతుల్లో సంచులతో నిలబడ్డ మహానుభావులెవరో నేను పేర్లు రాయనక్కర్లేదు. నేనూ ఉన్నాను. అమ్మ చేతిసంచిలో తవ్వెడు బియ్యం. లడ్డూగాడు టిఫిన్ గిన్నెలో తెచ్చాడు. వడ్లమిల్లు వాళ్ళబ్బాయి ఏకంగా కుంచం బియ్యం సైకిలు వెనక కట్టుకొచ్చాడు, అది దొంగతనం కిందికి రాదని మేమంతా అభ్యంతరం చెప్పాం.

మాస్టారు తిట్టలేదు. తిడతారని వెనక నిలబడ్డ డ్రిల్లు మాస్టారు చాలా నిరాశపడ్డారు. ఆయన మాత్రం ఒక్కో సంచీ విప్పి, గుప్పెడు బియ్యం అరచేతిలోకి తీసుకుని వాసన చూశారు. "ఇవి అక్కుళ్ళు. ఇవి మసూరి. ఇదేంట్రా, నూకలు తెచ్చావ్? మీ అమ్మ కోళ్ళకి పెట్టుకునేవి పట్టుకొచ్చేశావా?" అని అడుగుతుంటే మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందరివీ చూశాక, చేతులు ఖాళీగా పెట్టుకుని వరస చివర నిలబడ్డ మన బ్యాటరీని పిలిచారు. అప్పటికి వాడికింకా ఆ పేరు రాలేదు.

"నువ్వెందుకు తేలేదురా? వేషం వద్దా?"

"కావాలండి. మా ఇంట్లో తీస్తే తెలిసిపోతుందండి."

వాడు అది జాలి పుట్టించాలని అనలేదు. దొరికిపోతాననే భయంతోనే అన్నాడు, కుడికన్ను సగం మూసి, బియ్యం డబ్బా వైపు దొంగచూపు చూస్తున్నట్టు మెడ పక్కకి తిప్పి. మాస్టారు వాడి మొహం వంక అలా చూస్తూ ఉండిపోయారు. కరణం వేషం వాడికి ఇచ్చేశారు. సూర్యకాంతం వేషం లడ్డూగాడికి. నాకు బంట్రోతు వేషం, ఒకే ఒక్క డైలాగు. అప్పుడు నాకెంత కడుపుమంటగా ఉందో ఇప్పుడు రాస్తుంటే కూడా కొంచెం ఉంది.

ఇక బియ్యం. సాయంత్రం బడి వదిలాక మాస్టారు మా సంచులన్నీ తన సైకిలుకి తగిలించుకుని ఇంటింటికీ వెళ్ళి మా అమ్మలకి అప్పజెప్పారు. మా ఇంటికొచ్చి "మీవాడు కళాకారుడమ్మా, ఈ పూటకి కొట్టకండి" అన్నారు. కొట్టలేదు. మర్నాడు కొట్టారు.

రిహార్సల్సులో ఆయన చెప్పింది ఒకటే. నవ్వించాలని చూడకు, భయపడు. బ్యాటరీ మొదట్లో అందరిలాగే మూతి వంకర్లు తిప్పి, కుంటినడక నడిచి నానా తంటాలు పడ్డాడు. మాస్టారు వాడిని కుర్చీలో కూలేశారు. "అల్లుని చూశావా? ఆయన నవ్వించడం లేదురా. ఆయనకి నిజంగానే ఆ డబ్బు కావాలి. నిజంగానే దొర అంటే వణుకు. ఆ ఆశా ఆ భయమూ రెండూ ఒకేసారి మొహంలోకి వచ్చేస్తుంటే దాచుకోలేక చస్తున్నాడు. మనం నవ్వేది అందుకు." అంతకు కొద్ది నెలల ముందే మన ఊరి పాండవులు వచ్చింది. రావు గోపాలరావు పక్కన అల్లుని మనమంతా చూసే ఉన్నాం. దొర ఒక్క అడుగు ముందుకేస్తే ఈయన ఒళ్ళంతా ఎలా సర్దుకుంటుందో చూడమని మాస్టారు చెప్పాక, నేను రెండోసారి వెళ్ళినప్పుడు దొరని చూడడమే మానేశాను.

ముసలి వేషం గురించి కూడా చెప్పేవారు. ప్రజానాట్యమండలి రోజుల్లో కూడు గుడ్డ నాటకంలో ఆయన్ని చూసిన గరికపాటి రాజారావు గారు పుట్టిల్లు సినిమాలోకి తీసుకున్నారు. 1953లో వచ్చిన ఆ సినిమాతోనే జమున గారూ మొదలయ్యారు. ఆమె హీరోయిన్‌గా, ముప్ఫై ఏళ్ళ ఈయన డెబ్భై ఏళ్ళ శాస్త్రిగా! "మొదటి సినిమాలోనే ముసలాణ్ణి చేస్తే ఇంకొకడైతే ఏడ్చేవాడు. ఈయన అదే పట్టుకున్నాడు. యాభై ఏళ్ళు ముసలాడు అవడానికి ఎదురుచూడక్కర్లేదు, మొదటి రోజే అయిపోయాడు" అనేవారు మాస్టారు. భార్యాబిడ్డల్ని తీసుకుని మద్రాసు వెళ్ళి అక్కడ పడ్డ ఇబ్బందులు, దొంగరాముడులో హాస్టల్ వార్డెను, మాయాబజార్‌లో వంగర గారితో కలిసి శర్మ శాస్త్రుల జంట, ఇవన్నీ ఆ వరండాలోనే విన్నాం. మాయాబజార్‌లోని గింబళి సీను మాస్టారు తన పై పంచె నేల మీద పరిచి చేసి చూపించిన రోజున హెడ్మాస్టారు నిజంగానే వరండాలో ఉన్నారు.

వార్షికోత్సవం రాత్రి సంగతి మీ అందరికీ తెలిసిందే. నాటిక సగంలో కరెంటు పోయింది. మైకు ఆగిపోయింది. పెట్రోమాక్సు వెలిగించేదాకా ఆగుదామని నేను బంట్రోతు కర్రతో స్టేజీ పక్కకి తప్పుకున్నాను. బ్యాటరీ ఆగలేదు. చీకట్లోనే, మైకు లేకుండానే, కరణం రైతుని డబ్బడిగే సీను లాగించేశాడు. అడగలేక అడుగుతూ, మాట సాగదీస్తూ, మధ్యలో ఎవరైనా వింటున్నారేమోనని గొంతు తగ్గిస్తూ. మొహం కనిపించడం లేదు, నడక కనిపించడం లేదు. అయినా ముందు వరసలో మున్సిపాలిటీ వాళ్ళు, వెనక గోడెక్కి కూర్చున్న కొబ్బరికాయల బండివాళ్ళు, ఒకటే నవ్వు. దీపం వచ్చేసరికి మాస్టారు స్టేజీ పక్కన నా భుజం పట్టుకుని ఉన్నారు. ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, నా డైలాగు టైముకి వెళ్ళలేకపోయాను. ఆ ఒక్క డైలాగూ ఇప్పటిదాకా ఎవరూ వినలేదు.

పదో తరగతి పబ్లిక్ పరీక్షల హడావుడిలో పోయింది. 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం వచ్చినప్పుడు మాత్రం, పరీక్షలు దగ్గరపడ్డా సరే, వెళ్ళి చూడమన్నారు మాస్టారు. పాటలకోసం కాదు, శంకరశాస్త్రి స్నేహితుడైన వకీలు కోసం. స్నేహితుడు కష్టాల్లో ఉంటే ఆయన ఎలా కసురుకుంటాడో, ఆ కసురులో ఎంత ప్రేమ ఉంటుందో చూడండిరా అన్నారు. మనలో సగం మంది బాలుగారి పాటలు పాడుకుంటూ ఇంటికొచ్చారు. నేను మాత్రం, కొంచెం గర్వంగానే చెప్తున్నాను, వకీలునే చూశాను.

తర్వాతి ముప్ఫై ఎనిమిదేళ్ళు బ్యాంకులో గడిచిపోయాయి. క్లర్కుగా చేరి చీఫ్ మేనేజరుగా రిటైరయ్యాను. తణుకు నుంచి ఆదోని దాకా తిప్పారు. దేవుడి దయవల్ల విశాఖలో ఇల్లు, ఊళ్ళో అయిదెకరాలు. రిక్రియేషన్ క్లబ్బులో నాటకాలు మాత్రం వదల్లేదు. ఒక పరిషత్తులో ఉత్తమ హాస్యనటుడు బహుమతి వచ్చింది. లంచగొండి గుమాస్తా వేషానికి. బ్యాంకులో ఉన్నవాడు ఆ వేషం వేయడమేంటని మా రీజినల్ మేనేజరు గారు సరదాగానే అన్నారు, సరదాగానే అన్నారని అనుకుంటున్నాను. ఆ కప్పు తీసుకుని రిటైరైపోయిన మాస్టారి దగ్గరికి వెళ్ళాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత ఎదురిచ్చావ్?" అన్నారు. ఆయన నవ్వలేదు. ఆయన ఎప్పుడు నవ్వారు గనక?

నాకు ఆలస్యంగా అర్థమైన సంగతి ఇంకొకటుంది. క్విట్ ఇండియా రోజుల్లో అల్లు గారు జైలుకెళ్ళి అక్కడ కూడా తోటివాళ్ళని పోగుచేసి నాటకాలాడారని మాస్టారు చెప్తే, అది మనకి తమాషా కథగా ఉండేది. సినిమాల్లో తీరిక లేనంత పేరొచ్చాక కూడా ఆయన హోమియో మందులిస్తూ ఉచితంగా వైద్యం చేశారన్నది కూడా అలాగే విని వదిలేశాం. మా అమ్మాయి హోమియో చదువుతానన్నప్పుడు సీటు రాజమండ్రిలో వచ్చింది. చేర్పించడానికి వెళ్ళి గేటు దగ్గర తలెత్తి చూస్తే బోర్డు మీద డాక్టర్ అల్లు రామలింగయ్య ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల. మా అమ్మాయి "ఏంటి నాన్నా, ఇక్కడే నిలబడిపోయారు?" అంది. ఏం చెప్పను? బృహస్పతి నుంచి మొదలుపెట్టాలి. ఫీజు కౌంటరు మూసేస్తారు. ఇప్పుడు తనకి సొంత క్లినిక్ ఉంది. సాయంత్రాలు జనం బాగానే ఉంటారు.

అల్లు గారికి 1990లో పద్మశ్రీ వచ్చిందని తెలిసినప్పుడు, 2001లో రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చినప్పుడు, మాస్టారికి ఉత్తరం రాశాను. 2004 జులై 31న అల్లు గారు పోయారని టీవీలో చూసినప్పుడు రాయలేకపోయాను. 2013లో భారతీయ సినిమాకి వందేళ్ళని తపాలాశాఖ యాభై మంది మీద స్టాంపులు వేస్తే అందులో మన పాలకొల్లాయన ఉన్నారు. అప్పటికి మాస్టారు లేరు. ఉంటే స్టాంపు మీద ముఖవిలువ చూసి, మూడు రూపాయలు పోను రెండు రూపాయలు లాభం అనేవారు.

మన ఊరు దాసరి గారినీ కోడి రామకృష్ణ గారినీ కూడా ఇచ్చింది, వాళ్ళ గురించి ఎవరైనా రాస్తారులే. బ్యాటరీ రాయడు. ఈ సంచికకి ప్రకటనలన్నీ తెచ్చింది వాడే అని విన్నాను. కొబ్బరి ఎగుమతుల వాళ్ళ దగ్గర డబ్బు ఎలా అడిగాడో నాకు తెలుసు. గొంతు తగ్గించి, కన్ను సగం మూసి అడిగి ఉంటాడు.

కమిటీకి ఒక విన్నపం. కలయిక రోజున ఆ కరణం నాటిక మళ్ళీ వేద్దామనుకుంటున్నట్టు వాట్సాప్ గ్రూపులో చూశాను. లడ్డూగాడు మోకాళ్ళ ఆపరేషన్ అయినా సూర్యకాంతం వేషానికి సిద్ధమన్నాడు. బ్యాటరీకి కరణం వేషం ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ కరణం తమ్ముడనో బావమరిది అనో నాకో వేషం రాయించండి. విరాళం పోయిన నెలలోనే కట్టాను, రసీదు ఉంది. బంట్రోతు వేషం మాత్రం వెయ్యను.