ట్రిగ్గర్ గోల

పొద్దున హాలు సగంలో ఉండగా చార్జింగ్ వాక్యూమ్ క్లీనర్ ఆగిపోయింది. పిడి దగ్గర వేలితో నొక్కిపట్టే ట్రిగ్గర్ ఉంటుంది కదా, అది నొక్కితే టిక్కుమని కూడా అనదు. మెత్తగా లోపలికి పోయి అక్కడే కూర్చుంటుంది. చార్జింగ్ పెడితే లైటు మామూలుగానే వెలిగింది. ఆగి ఆగి తిరిగితే ఫిల్టరో గొట్టమో పూడుకుందనుకోవచ్చు. అవి మొన్ననే కడిగి ఆరబెట్టాను.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, "ట్రిగ్గర్ విడిగా రాదు మేడమ్, బాడీ మొత్తం మార్చాలి" అన్నాడు. బాడీ అంటే మోటారుతో సహా! చెప్పు తెగితే కాలు మార్చమన్నట్టుంది. మర్యాదగా చెప్పాడు చూడండి, అందుకు ఇంకా ఒళ్లు మండింది. అత్తయ్యగారు చీపురు తీసి మిగతాది ఊడ్చేశారు. ఒక్క మాటా అనలేదు. అనుంటేనే బాగుండేది.

సాయంత్రం ఈయన విప్పారు. ముందు బ్యాటరీ తీయమని నేను గుమ్మంలోంచి అరుస్తూనే ఉన్నా. లోపల గోరంత మైక్రోస్విచ్, దాన్ని నొక్కడానికో ప్లాస్టిక్ పుల్ల. అంతే. పుల్ల మొదలంటా విరిగింది. స్విచ్‌ని స్క్రూడ్రైవర్ కొసతో నొక్కితే టిక్కుమంది, కరెంటు దారి తెగిందేమో చూసే మల్టీమీటర్ కూడా బీప్‌మంది. దానికి ఏ రోగమూ లేదు.

నాన్న టార్చి గుర్తొచ్చింది. మూడు బ్యాటరీల స్టీలు టార్చి. స్విచ్ జరిపితే వెలగదు, అరచేతిలో కొడితే వెలుగుతుంది. కరెంటు పోయిన రాత్రే దాని మీద ఆయన దృష్టి పడేది. లాంతరు దగ్గర పేపరు పరిచి, లోపలి ఇత్తడి రేకును ఉప్పుకాగితంతో రుద్ది, కాస్త పైకి వంచి బిగించేవారు. బల్బు నా చేతిలో, స్ప్రింగు తమ్ముడి చేతిలో. వాడు దాన్ని నొక్కి వదిలితే మంచం కిందకి ఎగిరిపోయేది. వెతకాలంటే టార్చి కావాలి!

అసలు వేలు తీయకుండా పట్టుకోవాల్సిన ట్రిగ్గర్ ఎందుకు, ఆన్-ఆఫ్ బటన్ పెడితే ఏం పోయింది అని మధ్యాహ్నమంతా తిట్టుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది, వేలు తీయగానే ఆగుతుంది కాబట్టే ఆ కాస్త చార్జింగ్ ఇల్లంతా వస్తోంది. సోఫా జరిపేటప్పుడు ఊరికే తిరగదు. సరే, ట్రిగ్గర్ ఉండనీ. కానీ అన్ని నొక్కుళ్లు మోయాల్సిన పుల్లని అంత సన్నగా చేసి, పైగా విడిగా అమ్మం అంటే? అది మాత్రం క్షమించను.

ఆన్‌లైన్‌లో ఎవరో ఆ ముక్క ఒక్కటే అమ్ముతున్నారు, ఆర్డర్ పెట్టాం. విప్పిన స్క్రూలు ఎక్కడ పెట్టారని అడిగితే ఈయన "ఇక్కడే ఎక్కడో" అన్నారు.