ఫెన్‌వేలో 50 నంబరు చొక్కాలు

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగు తల్లిదండ్రులు బోస్టన్ దగ్గరున్న యాష్‌లాండ్‌లో లక్ష్మీదేవి గుడికి వెళ్తారు. ఆ ఊరి స్టేషన్‌లోనే రైలెక్కి బేస్‌బాల్ చూడ్డానికి బోస్టన్ వెళ్ళినవాళ్ళు మాత్రం తక్కువే అయ్యుంటారు. 2023 ఆగస్టు 25న, శుక్రవారం, అల్లుడు టికెట్లు తెచ్చి "మావయ్యగారూ, ఈ ఒక్క మ్యాచ్‌కి రండి, నచ్చకపోతే ఇంకెప్పుడూ అడగను" అన్నాడు. తెనాలిలో రేడియోకి చెవి ఆనించి క్రికెట్ కామెంటరీ విన్నవాణ్ణి. ఈ కర్రాబిళ్ళ లాంటి ఆట నాకేం నచ్చుతుందిలే అనుకుంటూనే బయల్దేరాను.

రైలు లాన్స్‌డౌన్ స్టేషన్‌లో ఆగింది. దిగిన జనంతో పాటు నడిస్తే చాలు, ఫెన్‌వే పార్క్ వచ్చేస్తుంది. రైల్లోనే ఒకటి గమనించాను. బోస్టన్ రెడ్ సాక్స్ చొక్కాలు వేసుకున్నవాళ్ళలో చాలామంది వీపు మీద 50 అనే అంకె, బెట్స్ అనే పేరు ఉన్నాయి. "మంచి ఆటగాడా?" అని అడిగితే మనవడు నవ్వాడు. "వాడు మన టీమ్ కాదు తాతయ్యా, ఇవాళ అవతలి టీమ్."

ఫెన్‌వే 1912లో కట్టిన మైదానం. మా సీట్లు పాతకాలపు నీలం చెక్క కుర్చీలు, మోకాళ్ళు ముందు కుర్చీకి తగులుతూ ఉంటాయి. పైగా ఎదురుగా ఇనుప స్తంభం. ఎడమవైపు గోడని గ్రీన్ మాన్‌స్టర్ అంటారు. 37 అడుగుల ఎత్తు, పచ్చరంగు. దాని అడుగున ఉన్న స్కోరుబోర్డు మీద అంకెల పలకల్ని ఇప్పటికీ మనుషులే చేత్తో మారుస్తారు. అది చూశాక కొంచెం మెత్తబడ్డాను.

పక్క సీట్లో డెబ్బై దాటిన పెద్దమనిషి. ఒళ్ళో స్కోరు పుస్తకం, చెవి వెనక పెన్సిలు. ఫీల్డర్లకి ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలుంటాయని, 6-4-3 అని రాస్తే బంతి ఎవరి చేతినుంచి ఎవరికి వెళ్ళి ఇద్దరు అవుటయ్యారో తెలుస్తుందని ఓపిగ్గా చెప్పాడు. ఒకసారి బంతి మా వెనక్కి ఎగిరి జనంలో పడితే నేను లేచి చప్పట్లు కొట్టాను. అది ఫౌల్, అంటే గీత బయటికి పోయిన బంతి అట. పట్టుకున్నవాడు బంతి వెనక్కి విసరకుండా జేబులో పెట్టుకున్నాడు! మన దగ్గర అయితే పక్కవాళ్ళు ఊరుకుంటారా?

అసలు ముచ్చట మొదటి ఇన్నింగ్స్‌లోనే జరిగింది. అవతలి జట్టు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ తరఫున మొదటి బ్యాటర్ మూకీ బెట్స్. వాడు మెట్లెక్కి బయటికి రాగానే స్టేడియం మొత్తం లేచి నిలబడింది, మా పెద్దాయనతో సహా. బెట్స్ హెల్మెట్ తీసి ఊపాడు. 2018లో ఈ జట్టుకి కప్పు తెచ్చినవాళ్ళలో ఒకడు, ఆ ఏడాది అమెరికన్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు కూడా. 2020 ఫిబ్రవరిలో అతన్ని లాస్ ఏంజెలెస్‌కి పంపేశారు. ఆ తరవాత ఫెన్‌వేలో ఆడటం ఇదే మొదటిసారి.

ఇక చర్చ మొదలైంది. ముందు వరసలో కూర్చున్న కుర్రాడు వెనక్కి తిరిగి, "ఆ సీజన్ అయిపోతే కాంట్రాక్టు అయిపోయేది, ఊరికే పోయేవాడు. బదులుగా వెర్డూగో, వాంగ్ అయినా వచ్చారు కదా" అన్నాడు. పెద్దాయన పెన్సిలు కింద పెట్టేశాడు. "డాడ్జర్స్ 12 ఏళ్ళకి 365 మిలియన్ డాలర్లు ఇచ్చారు. మనకి లేవా ఆ డబ్బులు?" జీతాలు హద్దు దాటితే కట్టాల్సిన పన్ను గురించి కుర్రాడు ఏదో అన్నాడు. "నేను టికెట్ కొనేది పన్ను లెక్కలు చూడ్డానికి కాదు" అన్నాడు పెద్దాయన. వాళ్ళ వెనకావిడ ఇంకా వెనక్కి, వందేళ్ళ కిందటి మహా ఆటగాడు బేబ్ రూత్ దగ్గరికి వెళ్ళింది. అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కి అమ్మేశాక, 1918 తరవాత మళ్ళీ కప్పు రావడానికి 2004 దాకా, 86 ఏళ్ళు పట్టిందట. ఆ 2004లో తండ్రి సమాధి మీద టోపీ పెట్టి వచ్చానని పెద్దాయన మెల్లగా చెప్పాడు. కుర్రాడు ఇంక మాట్లాడలేదు.

నాకు డేవిడ్ వార్నర్ గుర్తొచ్చాడు. 2016లో హైదరాబాద్‌కి ఐపీఎల్ కప్పు తెచ్చి, మన సినిమా పాటలకి డాన్సులేసినవాడు. 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ పోయింది, తరవాతి ఏడాది ఢిల్లీ చొక్కాలో కనిపించాడు. ఈ సంగతి చెబితే పెద్దాయన క్రికెట్ తెలీకపోయినా వెంటనే అర్థం చేసుకుని, "మీవాళ్ళు వాడికి చప్పట్లు కొట్టారా?" అని అడిగాడు. మా ఇంట్లో అయితే కొట్టామని చెప్పాను.

"మరి ఇవాళ ఎవరు గెలవాలి మీకు?" అన్నాను.

"మేం పది పరుగులు, వాళ్ళు తొమ్మిది. ఆ తొమ్మిదీ మూకీ కొట్టాలి."

ఆ 2023లోనే బౌలరు గడియారం వచ్చింది. పరుగు తీసేవాళ్ళు ఆగే బేస్‌ల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో, ఉంటే 20 సెకన్లలో బంతి వెయ్యడం మొదలుపెట్టాలన్నది ఆ ఏడాది నియమం. అంతకుముందు వాళ్ళు గడ్డం గోక్కుంటూ గంటలు గడిపేవారట. ఆట బాగానే పరిగెత్తింది. మధ్యలో నేను తిన్న హాట్‌డాగ్ గురించి మా ఆవిడకి చెప్పలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్ మధ్యలో జనమంతా చేతులెత్తి ఒక పాట పాడారు. మనవడు నన్నూ లేపాడు, మాటలు రాకపోయినా నోరు ఆడించాను.

మ్యాచ్ డాడ్జర్సే గెలిచారు. ప్లేఆఫ్స్ ఆశ ఇంకా కొంచెం మిగిలింది కాబట్టి, పెద్దాయన మిగతా ఆటల లెక్క వేసుకుంటూ మెట్లు దిగాడు. ఆ లెక్క కుదరలేదు, సీజన్ ముగిసేసరికి బోస్టన్ తన డివిజన్‌లో, అంటే లీగ్‌లో తనున్న ఐదు జట్ల గుంపులో, అట్టడుగున ఉంది.

తిరుగు రైల్లో నిలబడే చోటు కూడా కష్టమైంది. వెర్డూగో మంచివాడా, బెట్స్ పోయినందుకు వాడేం చేస్తాడు పాపం, బౌలర్లు లేకుండా ఎవరుంటే మాత్రం ఏం లాభం అని పెట్టె అంతా అదే గొడవ. యాష్‌లాండ్ వచ్చేలోపు మనవడు నా భుజం మీద నిద్రపోయాడు. అల్లుడు ఫోన్ తీసి, "మావయ్యగారూ, రేపు కూడా ఇదే మ్యాచ్ ఉంది, టీవీలో" అన్నాడు.

"ఎన్నింటికి?" అన్నాను.